బాల్సారెక్క, కొయ్యనార

కడప సీమయందలి పాలకొండలలోను శేషాచలములోను పెరుగు ఎర్రచందనపు చేవ ఘనమీటరునకు సుమారు 1100 కిలోగ్రాములు తూగును. నీట వేసిన మునిగిపోవును. ఈ సీమ కొండలలోనే తెల్లపొణికియు కలదు. కొండపల్లి బొమ్మలకు ప్రాణమైన తేలికకొయ్య ఆ చెట్టుదే. పొణికికంటెను తేలికయైనది, నమూనా విమానముల రెక్కలకు వాడు బాల్సా. ఈక్వడార్ అడవులలో కొలది యేండ్లలోనే మ్రానై, పలుచని గోడల కణములనిండ నీరు నింపుకొని పెరుగు ఆ వృక్షమును కోసి, బట్టీలలో ఆరబెట్టగా మిగులు కొయ్య ఘనమీటరునకు సుమారు 160 కిలోగ్రాములే.

ఇంత తేలికకొయ్య గాలితాకిడి నెట్లు భరించునను సందేహము సహజము. ఎర్రచందనముతో నొకటి, బాల్సాతో నొకటిగా సమానమైన బరువును వైశాల్యమును గల రెండు పలకలను చేసినచో బాల్సాపలక దాదాపు ఏడురెట్లు మందముగ నుండును; వంగకుండ నిలుచు బిగువు మందముయొక్క ఘనము ననుసరించి పెరుగును గనుక, మందము రెట్టింపైన మాత్రముననే బిగువు ఎనిమిది రెట్లగును. బాల్సా స్వభావముచే మెత్తనిదయ్యు ఈ లెక్కచేతనే నెగ్గుచున్నది. 1940లో తొలిసారి యెగిరిన బ్రిటిషు మస్కిటో విమానపు దేహమును పలుచని చెక్కపొరల నడుమ బాల్సాను పొదిగియే నిర్మించిరి.

అయితే ఆ బలమంతయు నార సాగిన దిక్కుననే కలదు. నారవెంబడి గోటితో చీల్చినను చీలును. కావున రెక్క పొడవునకు సాగు దూలమున నార మొదలునుండి కొనకును, రెక్కకు అడ్డముగ నిలుచు ప్రక్కటెముకలలో ముందంచునుండి వెనుకంచునకును పోవలెను. కర్నూలు వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండకు తేమ కోల్పోవు కొయ్య నారకు అడ్డముగనే యెక్కువ కుంచించును, నిడివిలో దాదాపు మారదు. నార నిట్లుంచినచో ప్రక్కటెముక పొడవు చెడదు.

ఇక ప్రక్కటెముకలను కోయుటకు 1.5 మిల్లీమీటర్ల పలకపై వాని అచ్చును గుండుసూదులతో బిగించి, క్రొత్త బ్లేడుతో, ఒక్కమారుగ నదుమక, రెండుమూడుసార్లు తేలికగ గీయవలెను. మొద్దు బ్లేడు కణముల గోడలను కోయదు, నలుపును. పైవంపును కోయునపుడు దాని యెత్తైన చోట మొదలిడి, ఒకమారు ముందుకొనకు, ఒకమారు వెనుకకొనకు దిగవలెను. అపుడు నార బ్లేడును లాగినను పారవేయు తునకలోనికే లాగును. కొననుండి పైకి కోసితిమా, బ్లేడు ప్రక్కటెముకలోనికే చొచ్చును. ఈ యొక్క మెలకువ తెలియకనే ఎన్నియో మంచి పలకలు పాడగుచున్నవి.

పిమ్మట ప్రక్కటెముకల నన్నింటిని ఒకచో పేర్చి ఉప్పుకాగితముతో సమముచేసి, విడివిడిగ తూచి, బరువైనవానిని దేహముదాపునను, తేలికవానిని కొనలవైపునను, రెండు రెక్కలకును సమముగ పంచవలెను. ఏలయన కొనయందలి బరువు విమానము ఒరుగుటకును, ఒరిగినది మరల నిలదొక్కుకొనుటకును ఆలస్యము కల్పించును.