క్షయ వ్యాధి నిర్ధారణలో డి.ఎన్.ఏ. పరీక్షలు

రోగి శరీరం నుండి తీసిన నమూనాలో బాక్టీరియాను కంటితో చూడటం, పెంచి గుర్తించటం కాక, దాని జన్యుపదార్థాన్ని (డి.ఎన్.ఏ. లేదా ఆర్.ఎన్.ఏ.) వెదికి పట్టుకొనే పద్ధతులను మాలిక్యులర్ పరీక్షలు అంటారు. కొందరు వీటిని "అణు పరీక్షలు" అని అనువదిస్తున్నారు. కాని ఆ మాట వినగానే మనకు పోఖ్రాన్ గుర్తుకు వస్తుంది గనుక ఈ వ్యాసంలో డి.ఎన్.ఏ. పరీక్షలు అనే వ్యవహరించడమైనది. మన దేశంలో బాక్టీరియా వ్యాధులలో ఈ పరీక్షలు ఎక్కువగా సామాన్యుని దాకా చేరినది క్షయ వ్యాధి విషయంలోనే.

పాత పద్ధతులు

1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. అప్పటి నుండి నూరేళ్ళకు పైగా తెమడను గాజుపలకపై పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూడటమే ప్రధానమైన పరీక్ష. ఇది చవక, నమ్మదగినదీ. అయితే ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 5,000 నుండి 10,000 వరకు క్రిములు ఉంటే తప్ప కంటికి దొరకవు. కనబడిన క్రిమి మందుకు లొంగేదో లొంగనిదో చూపు చెప్పలేదు.

రెండవది కల్చర్, అనగా క్రిమిని పోషక పదార్థంపై పెంచటం. ప్రేగులలో ఉండే ఇ. కోలై అనుకూల పరిస్థితులలో 20 నిముషాలకొకసారి రెండింతలవుతుంది. క్షయ క్రిమికి అదే పనికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. కనుక ఘనమాధ్యమంపై అది కంటికి కనబడే సరికి వారాలు గడుస్తాయి. ఏ మందు పనిచేస్తుందో తేల్చటానికి మరికొన్ని వారాలు. ఈలోగా రోగి పనిచేయని మందులు మింగుతూ, ఇంటివారికి వ్యాధిని అంటిస్తూ ఉండవచ్చు.

రక్తంలో ప్రతిరక్షకాలను చూసి క్షయ ఉన్నదని చెప్పే పరీక్షలు ఒకప్పుడు ప్రైవేటు లాబొరేటరీలలో విరివిగా జరిగేవి. ఇవి తప్పుదారి పట్టిస్తున్నాయని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించగా, 2012లో భారత ప్రభుత్వం వాటిని నిషేధించింది. ఈ నిషేధం ఆలస్యంగా వచ్చిందనే చెప్పాలి.

పనిచేసే విధానం

ఈ పరీక్షలకు మూలం 1983లో కేరీ ముల్లిస్ ఊహించిన పి.సి.ఆర్. పద్ధతి. దీనికి ఆయనకు 1993లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. డి.ఎన్.ఏ.ను వేడిచేస్తే దాని రెండు పోగులు విడిపోతాయి. చల్లార్చినప్పుడు "ప్రైమర్లు" అనే చిన్న ముక్కలు తమకు సరిపోయే చోట మాత్రమే అతుక్కుంటాయి. అక్కడినుండి ఒక ఎంజైము కొత్త పోగును అల్లుతుంది. అంటే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. చదరంగం గడులలో గింజల కథ తెలిసినవారికి మిగతాది చెప్పనక్కరలేదు: 30 ఆవృత్తాలకు ఒక్క ముక్క 107 కోట్లకు పైగా అవుతుంది. ప్రతిసారీ వేడిచేసినా చెడని ఈ ఎంజైమును వేడి నీటిబుగ్గలలో బ్రతికే థెర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియా నుండి గ్రహించారు.

ప్రభుత్వ ఆసుపత్రులలో "సీబీనాట్" అని పిలిచే జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రం ఈ పనినంతా ఒక చిన్న ప్లాస్టిక్ కార్ట్రిడ్జిలో ముగిస్తుంది. తెమడలో ఒక ద్రావణం కలిపి, 15 నిముషాలు ఉంచి, కార్ట్రిడ్జిలో పోసి యంత్రంలో పెడితే రెండు గంటలలోపు ఫలితం వస్తుంది. మిల్లీలీటరుకు సుమారు 130 క్రిములున్నా ఇది పసిగడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని 2010 డిసెంబరులో ఆమోదించింది.

ఇందులో అసలు విశేషం వేగం కాదు. క్షయకు ముఖ్యమైన మందు రిఫాంపిసిన్. ఈ మందుకు క్రిమి లొంగకుండా చేసే మార్పులలో దాదాపు 95 శాతం ఆర్.పి.ఓ.బి. అనే జన్యువులో 81 అక్షరాల చిన్న భాగంలోనే జరుగుతాయి. యంత్రం ఆ 81 అక్షరాలను చదివినంత పని చేస్తుంది. కనుక "క్షయ ఉన్నదా?", "మందు పనిచేస్తుందా?" అనే రెండు ప్రశ్నలకు ఒకే పూటలో జవాబు దొరుకుతుంది. రిఫాంపిసిన్ కు లొంగని క్షయకు ఒకప్పుడు 18 నుండి 24 నెలల చికిత్స, అందులో నెలల తరబడి సూదిమందులు అవసరమయ్యేవి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 6 నెలల నోటి మందుల పద్ధతిని సిఫారసు చేసింది. అయితే సరైన రోగికి సరైన మందు అందాలంటే ముందు ఈ పరీక్ష జరగాలి.

హైదరాబాదులో

ఎర్రగడ్డ అనగానే చాలామందికి మానసిక చికిత్సాలయమే గుర్తుకు వస్తుంది గాని, దానికి సమీపంలోని ఛాతీ ఆసుపత్రి దశాబ్దాలుగా క్షయ రోగులకు పెద్ద దిక్కు. నగరానికి తూర్పున, చర్లపల్లిలో లెప్రా సంస్థకు చెందిన బ్లూ పీటర్ ప్రజారోగ్య పరిశోధనా కేంద్రం క్షయ, కుష్ఠు వ్యాధులపై పనిచేస్తుంది. ఈ పేరు ఒక బి.బి.సి. బాలల కార్యక్రమానిది.

తుర్కయంజాల్ వంటి శివారు ప్రాంతాల కూలీకి నగరంలోని పెద్దాసుపత్రికి వెళ్ళటమంటే ఆ రోజు కూలి పోయినట్లే. ఈ ఇబ్బందికి కొంతవరకు జవాబు మన దేశంలోనే తయారైన ట్రూనాట్ యంత్రం. బ్యాటరీతో నడిచే ఈ చిన్న యంత్రాన్ని ఏ.సి. గది లేని ఆరోగ్య కేంద్రంలోనూ వాడవచ్చు. దీనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఆమోదించింది. అదే ఏడాది కరోనా పరీక్షలకూ ఇవి ఉపయోగపడ్డాయి. క్షయ కోసం కొన్న యంత్రాలు కరోనాకు పోతే క్షయ రోగుల గతి ఏమిటన్న ప్రశ్న అప్పుడు లేచింది, సబబైన ప్రశ్నే.

కుష్ఠు వ్యాధి

1873లో హాన్సెన్ గుర్తించిన కుష్ఠు క్రిమిని నేటికీ ప్రయోగశాలలో కృత్రిమ మాధ్యమంపై పెంచలేకపోతున్నారు. అది మందుకు లొంగుతుందో లేదో తెలియాలంటే చుంచెలుక పాదంలో నెలల తరబడి పెంచి చూడవలసి వచ్చేది. ఇక్కడ డి.ఎన్.ఏ. పరీక్ష పాత పద్ధతికి మెరుగు కాదు, దాదాపు ఏకైక మార్గం.

పరిమితులు

ఈ పరీక్ష చచ్చిన క్రిమినీ బ్రతికిన క్రిమినీ వేరు చేయలేదు. కాబట్టి చికిత్స పొందుతున్న వ్యక్తికి జబ్బు తగ్గుతున్నదా అని చూడటానికి దీనిని వాడరు. అందుకు ఇప్పటికీ సూక్ష్మదర్శిని, కల్చరే శరణ్యం. ఒకప్పుడు క్షయ వచ్చి నయమైనవారిలోనూ పాత డి.ఎన్.ఏ. మిగిలి పరీక్ష "ఉన్నది" అనవచ్చు. "లేదు" అన్నంత మాత్రాన జబ్బు లేదనీ కాదు. తెమడకు బదులు ఉమ్మి పట్టి ఇస్తే ఎంత గొప్ప యంత్రమైనా ఏమీ చేయలేదు. తెమడ ఇవ్వలేని చిన్నపిల్లల నుండి కడుపులోని ద్రవాన్నో మలాన్నో తీసి పరీక్షిస్తారు.

అన్ని బాక్టీరియా జ్వరాలకూ ఈ పద్ధతి సమానంగా పనికిరాదు. టైఫాయిడ్ రోగి రక్తంలో క్రిములు చాలా తక్కువ, తరచు మిల్లీలీటరుకు ఒకటి కూడా ఉండదు. పరీక్షకు తీసిన బొట్టులో క్రిమే లేకపోతే ఎన్ని రెట్లు పెంచినా సున్న సున్నయే. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వీధులలో జ్వరం రాగానే చేయించే విడాల్ పరీక్షకు బదులు, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీసి కల్చర్ కు పంపటమే టైఫాయిడ్ కు నేటికీ మేలైన పద్ధతి.