వంటింటికి గోడ ఉండాలా?

మన వాళ్ళెవరింటికి భోజనానికి వెళ్ళినా పది నిమిషాల్లో మగవాళ్ళు సోఫాల్లోనూ, ఆడవాళ్ళు వంటింట్లోనూ సర్దుకోవడం అందరూ గమనించే ఉంటారు. మా పాత ఇంట్లో వంటిల్లు నాలుగు గోడల మధ్య చిన్న గది. అందులో ఆరుగురు ఇరుక్కుని గారెలు వేస్తూంటే, అవతల గదిలోంచి "గారెలు బ్రహ్మాండం!" అని కేకలు వినిపించేవి. ఇద్దరం డాక్టర్లమే, ఇద్దరం ఒకే వేళకి ఇల్లు చేరేవాళ్ళం. వచ్చిన వాళ్ళతో కబుర్లు చెప్పేది మాత్రం ఒక్కరమే. ఆ ఒక్కరూ ఎవరో చెప్పనక్కర్లేదు.

అందుకే రెండేళ్ళ కిందట ఇల్లు మారినప్పుడు గోడ లేని వంటిల్లే కావాలన్నాం. ఇదేమీ నిన్న మొన్నటి ఫాషను కాదు. మనకి గంటన్నర దూరంలో, మాడిసన్‌లో, ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన జేకబ్స్ ఇల్లు 1937లోనే పూర్తయింది. పనిమనుషులు లేని సంసారం కోసం ఆయన వంటచోటుని భోజనాల బల్లకీ, ముందు గదికీ కలిపేశాడు.

మాకు మొదట దక్కిన లాభం అనుకోనిది. గోడ పోయేసరికి ఎవరు పని చేస్తున్నారో, ఎవరు కాలు మీద కాలేసుకుని కూచున్నారో ఊరందరికీ కనబడసాగింది. మాలో ఒకరు సిగ్గుకొద్దీ గిన్నెలు కడగడం నేర్చుకున్నారు.

నష్టం పోపుతో వచ్చింది. ఓ శనివారం సాయంత్రం పప్పులో తిరగమోత వేస్తే, కూచున్న పద్ధెనిమిది మందీ ఒక్కసారిగా దగ్గారు. స్మోక్ అలారం మోగింది. అది నవ్వుకునే సంగతే. కాని ఉబ్బసం ఉన్న ఎనిమిదేళ్ళ కుర్రాడికి ఇన్‌హేలరు పట్టవలసి వచ్చింది. డాక్టర్ల ఇంట్లో! ఎండుమిరపకాయ నూనెలో వేగినప్పుడు అందులోని కాప్సైసిన్ గాలిలోకి లేచి, గొంతులో మంటని పసిగట్టే నరాలని తడుతుంది. ఆ నరాల కిటుకు కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021 నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. ఇంత తెలిసీ మేం పొయ్యి మీది హుడ్ విప్పి చూడలేదు. అది గాలిని బొగ్గు ఫిల్టరు గుండా లాగి మళ్ళీ గదిలోకే వదిలే రకం. జిడ్డునీ, కొంత వాసననీ పడుతుందేమోగాని, గాస్ పొయ్యి నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడుని బయటికి పంపదు. గోడకి కంత కొట్టించి గాలి బయటికి పోయే డక్ట్ పెట్టించాం. పోపు కూడా వెనక బర్నరు మీదే వేస్తున్నాం. హుడ్ కిందికి బాగా వచ్చేది అదే.

మరి మూసిన వంటింట్లో పొగ ఎక్కడికి పోయేది? ఎక్కడికీ పోదు, వండే మనిషి ఊపిరితిత్తుల్లోకి తప్ప.

ఇంతలో గుడివాడ నుంచి అమ్మ వచ్చింది (మాలో ఒకరికి అత్తగారు). అతిథులొచ్చే రోజున నాలుగింటికల్లా గుత్తివంకాయ, పులిహోర అన్నీ ముగించి, మూతలు పెట్టి, మేడ మీద గదిలోకి వెళ్ళిపోయింది. ఒంట్లో బాగాలేదేమోనని కంగారు పడ్డాం.

"బాగానే ఉంది. అందరూ కుర్చీలేసుకుని నేను వండుతూంటే చూడడం పెళ్ళిచూపుల్లా ఉంది నాన్నా. చెమట తుడుచుకోవాలన్నా సిగ్గే. అక్కడ మన వంటింటికి తలుపుండేది. అది వేసుకుంటే ఆ కాసేపూ ఇల్లు నాది."

మేం ఇన్నాళ్ళూ ఆ గోడ ఆవిడకి చెర అనుకున్నాం. మరైతే ఆ రోజులే బాగున్నాయా అని అడిగాం. కాసేపు ఆలోచించింది.

"మీ నాన్నగారి స్నేహితులు ఇరవై ఏళ్ళు మనింట్లో భోంచేశారు. వాళ్ళలో సగం మంది మొహాలు నాకు తెలీవు."

గోడ గురించి రియల్ ఎస్టేట్ ఏజెంటుని అడిగాం, బాంకుని అడిగాం, స్నేహితులని అడిగాం. పొయ్యి దగ్గర నిలబడే ఆవిడని అడగడం అదే మొదలు.

ఇప్పుడు జరిపే తలుపు పెట్టిస్తున్నాం. ఇదీ కొత్త కాదు. 1926లో మార్గరెటె షుట్టె లిహోట్స్కీ గీసిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటింటికీ పక్క గదిలోకి అలాంటి తలుపే ఉండేది. అమ్మ జూన్‌లో మళ్ళీ వస్తోంది. ఆ లోపల పని ముగించమన్నాం. గడియ ఏ వైపు పెట్టమంటారని కాంట్రాక్టరు అడిగాడు. లోపలి వైపే అని చెప్పాం.