మాట్లాడిన మొదటి తల్లి

తెలుగు తెర మీద మొట్టమొదట గొంతు విప్పిన తల్లి ప్రహ్లాదుడి అమ్మ లీలావతి. హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’లో ఆ వేషం సురభి కమలాబాయిది. ఆ సినిమా 1931 సెప్టెంబరులో వచ్చిందని చాలాకాలం చెప్పుకున్నాం. అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని రెంటాల జయదేవ పాత కాగితాలు వెదికి నిరూపించారు.

తేదీ మీద ఇంత చర్చ జరిగింది గానీ ఆ తల్లి ఊసు ఎవరూ ఎత్తరు. తండ్రి కొండ మీంచి తోయించినా, ఏనుగులతో తొక్కించినా, విషం పెట్టించినా పిల్లాడికి హరి ఉన్నాడు. మొగుడికీ కొడుక్కీ మధ్య నలిగిపోయే లీలావతికి ఎవరున్నారు?

మా మేనత్తది కొల్లేటి లంక. 1967లో వచ్చిన రంగుల ప్రహ్లాదను తాడేపల్లిగూడెంలో ఆవిడ పక్కన కూర్చునే చూశాను. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు గర్జిస్తుంటే హాలు హాలంతా బిగుసుకుపోయింది. అత్త మాత్రం లీలావతిగా అంజలీదేవి కనిపించినప్పుడల్లా “తల్లి కడుపు ఎలా తరుక్కుపోతోందోనే అమ్మాయీ” అంటూ కొంగుతో కళ్లొత్తుకునేది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి. నాకు లీలావతిని చూపించింది ఆవిడే.

కమలాబాయి కథ ఇంకా గొప్పది. దమయంతి వేషంలో ఉన్న తల్లికి నాటకం మధ్యలో నొప్పులొచ్చి, రంగస్థలం మీదే కమలాబాయిని కన్నదని చెబుతారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక కుటుంబంలో పిల్లలు తెర వెనకే పెరిగేవాళ్లు. బయట మగవాళ్లు చీరలు కట్టి ఆడుతున్న రోజుల్లో సురభిలో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. చిన్నప్పుడు ప్రహ్లాదుడిగా ఆడిన పిల్లే పెద్దయ్యాక ప్రహ్లాదుడి తల్లి అయింది. అప్పటికి నేపథ్యగానం లేదు. కెమెరా తిరుగుతుండగానే నటిస్తూ పాడాలి. ఆ కష్టం తలుచుకుంటే ఆవిడకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మా ఏలూరు పక్కనే ఉన్న సోమవరప్పాడు కుర్రాడు ఎల్వీ ప్రసాద్ కూడా ఆ మొదటి ‘భక్త ప్రహ్లాద’లో ఉన్నాడు, చండామార్కుల దగ్గర చదివే మొద్దు శిష్యుడిగా. తర్వాత ఆయన ఎంత పెద్ద దర్శకుడయ్యాడో అందరికీ తెలుసు.

సినిమా ప్రింటు మిగల్లేదు. సురభి వాళ్లు మాత్రం ‘భక్త ప్రహ్లాద’ నాటకాన్ని ఇప్పటికీ ఆడుతున్నారు. మీ ఊరొస్తే వెళ్లండి. నరసింహుడు స్తంభంలోంచి వచ్చే ముందు, ఆ తల్లి మొహం వైపు ఒక్కసారి చూడండి.