యాంటీబయాటిక్ చికిత్సానంతరం జీర్ణాశయ బాక్టీరియా: రోగనిరోధక ప్రతిస్పందన, నిర్ధారణ – ఆమదాలవలస ప్రాంత సందర్భం

వ్యాససంగ్రహం:
జీర్ణాశయంలో దీర్ఘకాలం నివసించే హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియాపై మానవ శరీరం బలంగానే ప్రతిస్పందిస్తుంది. అయినా దానిని తొలగించలేదు. యాంటీబయాటిక్ చికిత్స దానిని తొలగించిన తరువాత కూడా రక్తంలో ప్రతిదేహాలు మిగిలే ఉంటాయి. ఈ రెండు వాస్తవాలను కలిపి చూడకపోవడం వల్ల నయమైన రోగికి మళ్లీ మందులు, నయంకాని రోగికి తప్పుడు భరోసా లభించే ప్రమాదం ఉన్నది. మూత్రపిండ వ్యాధి విస్తరించిన శ్రీకాకుళం జిల్లాలో ఈ పొరపాటుకు చెల్లించవలసిన మూల్యం ఎక్కువని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: హెలికోబాక్టర్ పైలోరీ, ప్రతిదేహాలు, మందుల నిరోధకత, యూరియా శ్వాస పరీక్ష, ఉద్దానం, ఆమదాలవలస.

1. ఉపోద్ఘాతం:
కడుపులో పుండుకు కారం, ఆందోళన, ఆమ్లాధిక్యత మాత్రమే కారణాలని వైద్యలోకం చాలాకాలం భావించింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో జీర్ణాశయపు పొర నుండి ఒక సర్పిలాకార బాక్టీరియాను వేరుచేసి పెంచడంతో ఆ భావన మారింది. ఈ ఆవిష్కరణకు 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. అంతకుముందే, 1994లో, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ బాక్టీరియాను మొదటి వర్గపు క్యాన్సర్ కారకంగా ప్రకటించింది.

ఈ సంక్రమణ సాధారణంగా బాల్యంలోనే, ఎక్కువగా కుటుంబ సభ్యుల నుండి సోకి, చికిత్స లేకుంటే జీవితాంతం కొనసాగుతుంది. మనిషితో దీని సాంగత్యం అతి ప్రాచీనమైనది. భారతీయ రకాల జన్యుమూలాలు ఐరోపా రకాలతో సంబంధం కలిగినవని హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఇంత దీర్ఘకాలం మనిషిలో నిలిచిన జీవి అతని రక్షణ వ్యవస్థను తప్పించుకొనే మార్గాలను సమకూర్చుకొన్నదనడంలో ఆశ్చర్యం లేదు.

2. ప్రతిస్పందన ఉన్నా నిర్మూలన ఎందుకు లేదు?
ఈ బాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను అమ్మోనియాగా మార్చి, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తటస్థం చేసుకుంటుంది. కశాభాల సాయంతో శ్లేష్మస్తరంలోకి చొచ్చుకుపోతుంది. సాధారణంగా బాక్టీరియా కశాభాలలోని ప్రోటీనును మన కణాల మీది గ్రాహకాలు గుర్తుపట్టి హెచ్చరిక పంపుతాయి. పైలోరీ కశాభాల నిర్మాణం ఆ గ్రాహకానికి చిక్కదు. దాని బాహ్యపొరలోని కొవ్వు అణువు కూడా బలహీనమైన హెచ్చరికనే కలిగిస్తుంది.

అయినప్పటికీ శరీరం మౌనంగా ఉండదు. న్యూట్రోఫిల్ కణాలు, టి-కణాలు జీర్ణాశయపు పొరలోకి చేరుతాయి. రక్తంలో ప్రతిదేహాలు పెరుగుతాయి. అయితే బాక్టీరియా విడుదల చేసే వాక్-ఏ అనే విషపదార్థం టి-కణాల వృద్ధిని అడ్డుకుంటుంది. నియంత్రక టి-కణాలు వాపును అదుపులో ఉంచుతూ, అదే సమయంలో బాక్టీరియాకూ ఊపిరి పోస్తాయి. ప్రతిదేహాలు రక్తంలో సమృద్ధిగా ఉన్నా, శ్లేష్మంలో దాగిన శత్రువును తొలగించలేవు. ఎలుకలపై జరిగిన టీకా ప్రయోగాలలో సైతం రక్షణకు ప్రతిదేహాల కన్నా టి-కణాలే కీలకమని తేలింది. కనుక ఇక్కడ ప్రతిదేహం విజయానికి గుర్తు కాదు. పోరాటం జరిగిందనడానికి గుర్తు మాత్రమే.

3. చికిత్స తరువాత బాక్టీరియా మిగలడానికి కారణాలు:
చికిత్స అనంతరం తక్కువ వ్యవధిలోనే సంక్రమణ మళ్లీ కనబడితే, అది కొత్తగా సోకినది కాక, పూర్తిగా నశించని పాత బాక్టీరియాయే తిరిగి వృద్ధిచెందినది కావడానికే అవకాశం ఎక్కువ. దీనికి ప్రధాన కారణం మందుల నిరోధకత. బాక్టీరియా రైబోజోములోని 23ఎస్ ఆర్.ఎన్.ఏ.లో ఒక్క అక్షరం మారినా క్లారిత్రోమైసిన్ పనిచేయకుండా పోగలదు. మెట్రోనిడజోల్‌ను క్రియాశీలం చేసే ఎంజైములలో లోపం ఏర్పడితే ఆ మందు శక్తి తగ్గుతుంది. హైదరాబాదు సహా పలు భారతీయ కేంద్రాల నమూనాలతో 2003లో ప్రచురితమైన అధ్యయనం మెట్రోనిడజోల్ నిరోధకతను 77.9 శాతంగా, క్లారిత్రోమైసిన్ నిరోధకతను 44.7 శాతంగా నమోదు చేసింది. విరేచనాలకు, పంటినొప్పికి తరచూ వాడిన యాంటీబయాటిక్‌లు ఈ బాక్టీరియాకు ముందే శిక్షణ ఇచ్చినట్లవుతుంది.

రెండవ కారణం ఆమ్లం తగినంతగా తగ్గకపోవడం. అమోక్సిసిలిన్ విభజన చెందుతున్న బాక్టీరియాపైనే బాగా పనిచేస్తుంది. ఆమ్లం తగ్గినప్పుడే బాక్టీరియా చురుకుగా విభజన చెందుతుంది. మూడవది, కొంత తెరిపి కలగగానే రోగి మందులు మానివేయడం.

ఈ కారణాల వల్లనే ఆమ్ల నిరోధక మాత్ర, బిస్మత్, మెట్రోనిడజోల్, టెట్రాసైక్లిన్ కలిసిన 14 రోజుల చతుర్విధ చికిత్సకు ప్రాధాన్యం పెరిగింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్నారు. అది 1948లో లోకానికి వెల్లడైంది. అక్కడ పరిశోధనలకు నేతృత్వం వహించినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

4. జ్ఞాపకం వేరు, ఉనికి వేరు:
బాక్టీరియా నశించిన తరువాత దానిపై తయారైన ప్రతిదేహాలు నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి రక్తంలో ఉంటాయి. అందువల్ల చికిత్సానంతరం చేసే ప్రతిదేహ రక్తపరీక్షలో ‘పాజిటివ్’ అని వచ్చినంత మాత్రాన వ్యాధి మిగిలి ఉన్నదని చెప్పలేము. లక్షణాలు కూడా నమ్మదగిన సాక్ష్యం కావు. బాక్టీరియా పోయినా అజీర్తి కొనసాగవచ్చు. బాక్టీరియా ఉన్నా మంట తగ్గవచ్చు.

ఉనికిని నేరుగా చూపేవి యూరియా శ్వాస పరీక్ష, మల ప్రతిజనక పరీక్ష, అవసరమైనచోట ఎండోస్కోపీ ద్వారా తీసిన కణజాల పరీక్ష. వీటికీ నియమాలున్నాయి. యాంటీబయాటిక్‌లు, బిస్మత్ ముగిసిన తరువాత కనీసం 4 వారాలు, ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి మాత్రలు ఆపిన తరువాత కనీసం 2 వారాలు ఆగాలి. ‘గ్యాస్ మాత్ర’గా వాడుకలో ఉన్న ఈ మందులను రోజూ వేసుకుంటూ పరీక్ష చేయించుకుంటే, దాగిన బాక్టీరియా లేనట్లుగా కనబడవచ్చు.

5. ఆమదాలవలస, ఉద్దానం నేపథ్యం:
నాగావళి, వంశధార నదుల నడుమ ఉన్న ఆమదాలవలసలోనే శ్రీకాకుళం రోడ్డు రైల్వేస్టేషను ఉన్నది. పెద్ద వైద్యం కోసం విశాఖపట్నానికి వెళ్లేవారికి ఇది ముఖ్యమైన కూడలి. చికిత్స ముగిసిన నెలకు మళ్లీ నగరానికి వెళ్లి పరీక్ష చేయించుకోవడం కూలి పనులు చేసుకొనే కుటుంబానికి ఒక రోజు సంపాదనను వదులుకోవడమే. మల ప్రతిజనక పరీక్షకు ఇక్కడ ప్రత్యేక విలువ ఉన్నది. చల్లగా భద్రపరచిన నమూనా ప్రయాణిస్తే చాలు, రోగి ప్రయాణించనక్కరలేదు.

జిల్లాకు ఉత్తరాన కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలతో కూడిన ఉద్దానం, కారణం స్పష్టంకాని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి పేరుపడింది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. రక్తంలోకి శోషణ చెందిన బిస్మత్ ప్రధానంగా మూత్రపిండాల ద్వారా వెలుపలికి పోతుంది; అవి దెబ్బతింటే శరీరంలో పేరుకొంటుంది. టెట్రాసైక్లిన్ రక్తంలో యూరియాను పెంచుతుంది. అమోక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ మోతాదులను సైతం మూత్రపిండాల పనితీరును బట్టి సవరించవలసి రావచ్చు. ఒళ్లునొప్పుల మాత్రలు మూత్రపిండాన్నీ, జీర్ణాశయాన్నీ రెండింటినీ గాయపరచగలవు. కాబట్టి పాత ప్రతిదేహాన్ని కొత్త వ్యాధిగా పొరబడి మరో 14 రోజుల చికిత్స మొదలుపెట్టడం ఈ జిల్లాలో కేవలం ధనవ్యయం కాదు, అవయవానికే ముప్పు. క్రియాటినిన్ పరీక్ష చూడకుండా రెండవ విడత మందులు నిర్ణయించకపోవడం ఇక్కడ కనీస జాగ్రత్త.

6. ముగింపు:
రోగనిరోధక వ్యవస్థ గతాన్ని భద్రపరుస్తుంది. వైద్యుడు తెలుసుకోవలసినది వర్తమానం. చికిత్స ఫలించిందో లేదో చెప్పవలసినవి సరైన వ్యవధి తరువాత చేసే శ్వాస, మల పరీక్షలే. బాక్టీరియా నిజంగా మిగిలి ఉంటే, మొదటిసారి వాడిన క్లారిత్రోమైసిన్ వంటి మందును తిరిగి వాడక, మూత్రపిండాల స్థితికి తగిన మరొక కలయికను ఎంచుకోవాలి. అందుకు రోగి వెంట ఉండవలసినది పాత మందుల చీటీ. ఏ మందు, ఎన్ని రోజులు, ఎంత క్రమంగా వాడారో తెలిపే ఆ కాగితం, ప్రతిదేహ పరీక్ష ఫలితం కన్నా తరువాతి నిర్ణయానికి ఎక్కువ ఉపకరిస్తుంది.