గెంతులోని ఆనందం

ఆట మానవునికి పుట్టుకతో వచ్చిన గుణం. ఆటవస్తువు ఏదీ దొరకనిచోట కూడా ఆట పుడుతుంది. కృష్ణా తుంగభద్రా నదుల నడుమ ఉన్న భూభాగానికి నడిగడ్డ అని పేరు. 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోను, ఆ తరువాత జోగులాంబ గద్వాల జిల్లాలోను భాగమైన అయిజ ఈ నడిగడ్డలోనిదే. తెలుగునాట తక్కిన ఊళ్లలో మాదిరిగానే ఇక్కడి పిల్లలు కూడా నేలమీద గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడుతూ పెరిగారు. దానికి కావలసింది ఒక పెంకుముక్క, కొన్ని గీతలు, ఒంటికాలిమీద నిలువగల ఓపిక. బిళ్లను గడిలోకి విసరి, కుంటుతూ వెళ్లి, గీత తొక్కకుండా దానిని కాలితో బయటికి నెట్టుకు రావాలి. గీత తొక్కితే ఆట పోయినట్లే.

ఇంత సామాన్యమైన ఆటలో పిల్లలు ప్రొద్దు పోవడం కూడా గమనించకుండా ఎందుకు మునిగిపోతారు? గీతకూ పాదానికీ మధ్య ఉన్న అంగుళం దూరంలోనే దీనికి సమాధానం ఉంది. ఆ అంగుళం ఎవరి దయమీదా ఆధారపడదు. గడి నిన్న ఎంత ఉందో నేడూ అంతే ఉంది. తప్పిపోతే అది ఆడినవారి తప్పు. నెగ్గితే అది ఆడినవారి నేర్పు. కాలువగట్టునుంచి అవతలి గట్టుకు దూకే పిల్లవాడు కూడా ఈ లెక్కనే మనసులో వేసుకుంటాడు.

ఈ లెక్కనే తెరమీదికి తెచ్చిన వీడియో ఆటలను ‘ప్లాట్‌ఫారం’ ఆటలు అంటారు. ఇక్కడ ప్లాట్‌ఫారం అంటే రైలు ఆగే చోటు కాదు, కాలు మోపడానికి తెరమీద గీసిన గట్టు. ఒక బొమ్మను గట్టుమీదినుంచి గట్టుమీదికి దూకించుకుంటూ, గోతులనూ ముళ్లనూ తప్పించుకుంటూ గమ్యం చేర్చడమే ఆట. జపానుకు చెందిన నింటెండో సంస్థ 1981లో విడుదల చేసిన ‘డాంకీకాంగ్’ ఈ తరహా ఆటలకు బాట వేసింది. దానిని రూపొందించిన షిగేరు మియామోటో అందులోని వడ్రంగి బొమ్మనే తరువాత ‘మారియో’గా ప్రసిద్ధికెక్కించాడు. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’తో ఈ ఆటకు స్థిరమైన రూపం ఏర్పడింది.

అయితే అది ఇంట్లో టెలివిజనుకు తగిలించుకొని ఆడే ఆట. దానిని అరచేతిలోకి తెచ్చినవారిలో గున్‌పేయి యొకోయి ముఖ్యుడు. రైలులో ప్రయాణిస్తున్న ఒక ఉద్యోగి ఏమీ తోచక గణనయంత్రపు మీటలు నొక్కుతూ కూర్చోవడం చూచి, ఆయనకు జేబులో పట్టే ఆటయంత్రం ఆలోచన వచ్చిందని ఒక కథనం ప్రచారంలో ఉంది. 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ అనే చిన్న యంత్రాలు వెలువడ్డాయి. 1982లో ఆ వరుసలో వచ్చిన డాంకీకాంగ్ యంత్రానికి ఎడమవైపున కూడిక గుర్తు ఆకారంలో ఒక మీట అమర్చారు. బొటనవ్రేలు దానిమీదినుంచి కదలకుండానే నాలుగు దిక్కులనూ శాసించగలిగింది. ఆ మీట ఇప్పటికీ ఆటయంత్రాల మీద కనిపిస్తూనే ఉంది.

1989లో వచ్చిన ‘గేమ్‌బాయ్’ అంతకంటె పెద్ద మలుపు. దాని తెరకు సొంత వెలుగు లేదు. రంగులు లేవు, ఉన్నవి నాలుగు ఛాయలు మాత్రమే. తెర వెడల్పు 160 చుక్కలు, ఎత్తు 144 చుక్కలు. రంగుల తెరలతో పోటీయంత్రాలు వచ్చినా ఇదే నిలిచింది. నాలుగు చిన్న బ్యాటరీలతో గంటల తరబడి పనిచేయడం, ధర తక్కువ కావడం అందుకు ప్రధాన కారణాలు. పాతబడి చవకైన సాంకేతికతను కొత్త విధంగా వాడుకోవాలన్నది యొకోయి సిద్ధాంతం. తరువాత వచ్చిన రంగుల గేమ్‌బాయ్‌తో కలిపి లోకంలో అమ్ముడైన యంత్రాలు 11 కోట్ల 80 లక్షలకు పైమాటే. ఇంటిలో ఉన్న పాతచీర అంచుతో బొంత కుట్టే అవ్వకు ఈ సిద్ధాంతాన్ని ఎవరూ బోధించనక్కరలేదు.

ఇంత చిన్న తెరమీద శోభకు చోటు లేదు. కథకూ పెద్దగా చోటు లేదు. మిగిలింది గెంతు ఒక్కటే. కాబట్టి చేతియంత్రంలోని ప్లాట్‌ఫారం ఆట బాగున్నదా లేదా అన్నది ఆ ఒక్క గెంతుమీదనే ఆధారపడుతుంది. మీట నొక్కిన క్షణానికీ బొమ్మ లేచిన క్షణానికీ మధ్య ఎడం ఉండకూడదు. ఎడం ఉంటే బొమ్మ మన ఆజ్ఞను మోసే సేవకునిలా కనిపిస్తుంది. ఎడం లేకపోతే ‘నేను దూకాను’ అంటాం. ఆడేవారి నోట ‘బొమ్మ పడిపోయింది’ అనే మాట కంటె ‘నేను పడిపోయాను’ అనే మాటే ఎక్కువగా వినిపించడానికి కారణం ఇదే. మారియో ఆటల్లో మీటను కొద్దిసేపు నొక్కితే చిన్న గెంతు, ఎక్కువసేపు నొక్కితే పెద్ద గెంతు. గాలిలో ఉన్నప్పుడు కూడా బొమ్మను కాస్త ముందుకో వెనుకకో మళ్లించవచ్చు. భౌతికశాస్త్రం దీనిని ఒప్పుకోదు. నేలను విడిచిన మనిషి గాలిలో దారి మార్చుకోలేడు. అయినా ఆట ఆ స్వేచ్ఛను ఇస్తుంది, ఇచ్చిన స్వేచ్ఛను ఎన్నడూ మార్చదు. ఆట లోకానికి అదే ప్రకృతిధర్మం.

జాతరలలో బొమ్మల అంగళ్లలో దొరికే నీటి ఆటను దీనితో పోల్చి చూడవచ్చు. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు, రంగురంగుల చిన్న వలయాలు, లోపల రెండు మూడు పుల్లలు ఉంటాయి. మీట నొక్కితే నీరు ఎగజిమ్మి వలయాలు తేలుతాయి. అవి పుల్లలకు చిక్కుకోవాలి. అదీ అరచేతిలో పట్టే ఆటే, చూడడానికి అందమైనదే. కాని ఒకే బలంతో రెండుసార్లు నొక్కినా వలయాలు రెండు తీరులుగా తిరుగుతాయి. చేతికి కొంత పట్టు చిక్కినా, తక్కినదంతా నీటి ఇష్టం. జాతరనుంచి తెచ్చిన ఆ డబ్బా కొద్ది రోజుల్లోనే మూలకు చేరుతుంది. తొక్కుడుబిళ్ల మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది.

నియమం మారకపోవడం ఒక్కటే చాలదు. ఆ నియమాన్ని నేర్పే తీరు కూడా ఉండాలి. సూపర్ మారియో బ్రదర్స్ తొలి అంకం ఈ విషయంలో ఆదర్శప్రాయమైనదని ఆటల రూపశిల్పులు నేటికీ చెప్పుకుంటారు. అందులో ఉపదేశవాక్యం ఒక్కటీ లేదు. బొమ్మ తెరకు ఎడమవైపున నిలిచి ఉంటుంది, కుడివైపంతా ఖాళీ. ఎటు నడవాలో చెప్పనక్కరలేదు. కొద్ది అడుగులు వేయగానే ఒక చిన్న శత్రువు ఎదురు వస్తుంది. తగిలితే చావు తప్పదు, కాని అప్పటికి పోయేది నాలుగడుగుల ప్రయాణమే. రెండవసారి దూకుతాం. అంకం చివరి భాగంలో మెట్ల దిబ్బల నడుమ గోతులు. ముందుదానికి అడుగున నేల ఉంటుంది, పడినా ఎక్కి రావచ్చు. తరువాతిదానికి అడుగు లేదు. ఈతకు వచ్చిన పిల్లవాడిని మొదట మోకాటిలోతు నీటిలో నిలబెట్టే పెద్దల పద్ధతి ఇది.

పడిపోవడం ఈ ఆటలో తప్పదు. చెడ్డ ఆట పడిపోయినవానిని శిక్షిస్తుంది, మంచి ఆట మళ్లీ నిలబెడుతుంది. గోతిలో పడిన బొమ్మ క్షణంలో తిరిగి గట్టుమీద నిలిస్తే, వ్రేళ్లకు ఆ దూరం ఇంకా జ్ఞాపకం ఉంటుంది. ఎక్కువసేపు ఆగవలసివస్తే ఆ జ్ఞాపకం చెదిరిపోయి విసుగు మిగులుతుంది. 2018లో విడుదలై, నింటెండో స్విచ్ అనే చేతియంత్రంలోనూ ఆడదగిన ‘సెలెస్టె’ అనే ఆట ఇందుకు మంచి నిదర్శనం. ఒక యువతి పర్వతాన్ని అధిరోహించడం అందులోని ఇతివృత్తం. కఠినమైన ఆట, వందలసార్లు పడక తప్పదు. అయినా పడిన మరుక్షణమే లేస్తాం.

ఆ ఆటలో మరొక రహస్యం ఉంది. గట్టు అంచు దాటి అడుగు గాలిలో పడిన తరువాత కూడా, సుమారు సెకనులో పదోవంతు కాలంపాటు దూకడానికి ఆట అనుమతిస్తుంది. ఒక అమెరికన్ కార్టూన్ చిత్రంలో నక్క వంటి జంతువు కొండకొమ్ము దాటి పరుగెత్తి, కాసేపు గాలిలోనే నిలిచి, ఆపైన క్రింద పడుతుంది. ఆ జంతువు పేరుమీదుగా ఈ వెసులుబాటును ‘కొయోటీ సమయం’ అంటారు. దూకుడు ఆటలు చాలావాటిలో ఇటువంటి ఏర్పాటు ఉంది. ఇక్కడ ఒక చిక్కుప్రశ్న ఎదురవుతుంది. ఆట ఇలా రహస్యంగా మనవైపు మొగ్గుతూ ఉంటే నియమం మారలేదని ఎలా అనగలం? కన్ను చూచిన దానికీ వ్రేలు కదిలిన దానికీ మధ్య రెప్పపాటు ఆలస్యం మనిషికి సహజం. అంచున ఉండగానే నొక్కానని ఆడేవారు నిజంగానే నమ్ముతారు. ఆట లెక్కించేది వారి సంకల్పాన్ని. తొక్కుడుబిళ్లలో గీతకు బొటనవ్రేలి గోరు తగిలిందా లేదా అన్న తగవు వస్తే, చుట్టూ ఉన్నవారు సాధారణంగా ఆడేవారి పక్షాన తీర్పు చెప్పడం కూడా ఇటువంటిదే. పైగా ఈ వెసులుబాటు అందరికీ, అన్నివేళలా ఒక్కతీరుగానే ఉంటుంది.

గేమ్‌బాయ్ వంటి యంత్రాలు నడిగడ్డకు పెద్దగా రాలేదు. ఇక్కడివారిలో చాలామందికి గెంతులాట పరిచయమైనది సెల్‌ఫోను ద్వారా. 2000ల దశకంలో పల్లెపల్లెకూ చేరిన నోకియా ఫోన్లలో ‘స్నేక్’ అనే పాము ఆట తరువాత చెప్పుకోదగినది ‘బౌన్స్’. అందులో నాయకుడు ఒక ఎర్రని బంతి. దానికి కాళ్లు లేవు, కత్తి లేదు; దొర్లడం, ఎగరడం తప్ప వేరే విద్య రాదు. దారిలోని వలయాలన్నింటి గుండా దూరితేనే అంకం చివరి ద్వారం తెరుచుకుంటుంది. ముల్లు గుచ్చుకుంటే బంతి పగులుతుంది. కొన్నిచోట్ల గాలి నింపుకొని బంతి పెద్దదవుతుంది. పెద్ద బంతి నీటిమీద తేలుతుంది, చిన్న బంతి మునుగుతుంది. కనుక ఎక్కడ పెద్దది కావాలో, ఎక్కడ చిన్నదిగానే ఉండాలో ఆలోచించుకోవాలి. ఉన్న అంకాలు పదకొండే. రంగుల తెర కలిగిన 7210 అనే నోకియా ఫోనులో తెర 128 చుక్కల చదరం మాత్రమే. ఆ చదరంలోనే లోకమంతా ఇమిడింది. అంకెలు నొక్కడానికి పెట్టిన గట్టి మీటలు ఆటకు ఎంతో తోడ్పడ్డాయి. మీట అణిగినట్లు వ్రేలికి తెలిసేది. నేటి గాజుతెరమీద గీసిన మీట వ్రేలికి తెలియదు, కన్నుతో వెదుక్కోవాలి. గెంతులాటకు ఇది చిన్న లోటు కాదు.

అరచేతి ఆటకు ఇంకొక ప్రత్యేకత ఉంది. అది విరామాల మధ్య ఆడే ఆట. అయిజనుంచి గద్వాలకు బస్సు వచ్చేలోగా, చేనుకు పారే నీరు మడి నిండేలోగా దొరికే సమయం కొద్దిపాటిది. ఆ వ్యవధిలో ఒక అంకం ముగియాలి, లేదా ఎక్కడ ఆపినా నష్టం లేకుండా ఉండాలి. గేమ్‌బాయ్‌తోపాటు వచ్చిన ‘సూపర్ మారియో ల్యాండ్’లో ఉన్నవి పన్నెండు అంకాలే; చేయి తిరిగినవారు గంటలోపే ముగించగలరు. అయినా దాని ప్రతులు 1 కోటి 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఆట పొడవును బట్టి ఆనందాన్ని కొలిచేవారికి ఇది అర్థంకాని విషయం.

నేడు పరిస్థితి వేరు. ఫోను ఆటలలో చాలావాటిని ఉచితంగా ఇస్తారు. ఉచితంగా ఇచ్చినవారు తమ రాబడిని ఆట లోపల వెదుక్కుంటారు. ఆడేవారు ఓడిపోయినప్పుడే వారికి అవకాశం. ప్రాణాలు అయిపోయాయి, అరగంట ఆగు, లేదా ప్రకటన చూడు, లేదా రూపాయలు చెల్లించు అని తెర అడుగుతుంది. అప్పుడు ముందున్న గోతి ఎంత వెడల్పు ఉండాలో నిర్ణయించేది వ్రేలి నేర్పు కాదు, అంగడి లెక్క. అంతకంటె ప్రమాదకరమైనవి డబ్బు పణంగా పెట్టి ఆడేవి. ఫ్రెంచి పండితుడు రోజే కయ్వా 1958లో వెలువరించిన గ్రంథంలో నేర్పుతో నెగ్గే ఆటలనూ అదృష్టంతో నెగ్గే ఆటలనూ వేరువేరు జాతులుగా చూపాడు. మొదటి జాతి ఆటలో మనిషి తనమీద తాను ఆధారపడతాడు. రెండవదానిలో తనను తాను విధికి అప్పగించుకుంటాడు. పందెపు ఆటల ప్రకటనలు రెండవదానికి మొదటిదాని వేషం తొడుగుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను, రమ్మీతో సహా, నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది.

ఇంట్లో పిల్లవాడు ఫోను పట్టుకొని కూర్చుంటే పెద్దలకు ఈ రెండు జాతుల మధ్య భేదం కనిపించదు. వంగిన మెడ ఒకటే, కదిలే వ్రేలు ఒకటే. భేదం తెలియాలంటే ప్రక్కన కూర్చుని, అతడు ఓడిపోయేదాకా ఆగి, అప్పుడు తెరమీద ఏమి కనిపిస్తుందో చూడాలి. ఎర్రబంతి ముల్లు గుచ్చుకొని పగిలినప్పుడు ఆ పాత నోకియా తెరమీద కనిపించినది మరొక ఎర్రబంతి మాత్రమే.