విద్యార్థి సంఘాలు కలిసి కూర్చుంటే

మిరప, పత్తి అమ్మిన డబ్బుతో పిల్లలను పీజీ చదువులకు పంపే కుటుంబాలు గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. వారిలో పలువురు చేరేది నాగార్జున విశ్వవిద్యాలయంలోనే. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రంగా గుంటూరులో మొదలైన ఆ సంస్థ 1976లో విశ్వవిద్యాలయమైంది. నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ దానిని ప్రారంభించారు.

పార్టీ, కులం, మతం పేరిట ఏర్పడిన విద్యార్థి సంఘాలు ఎవరి దారిన వారు నడిస్తే, ఏ సంఘానికీ చెందని కొత్త విద్యార్థి ఒంటరి అవుతాడు. 2015 జూలైలో ఆ ప్రాంగణపు హాస్టల్లో, ర్యాగింగ్ ఆరోపణల నడుమ ఒక విద్యార్థిని ప్రాణం పోయిన ఉదంతం మరువరానిది. ర్యాగింగ్ నిషేధ చట్టం రాష్ట్రంలో 1997 నుండే ఉంది. చట్టం శిక్షించగలదు, పక్క గది తలుపు తట్టి యోగక్షేమాలు విచారించవలసింది మాత్రం తోటి విద్యార్థులే.

కనుక సంఘాల ప్రతినిధులు నెలకొకసారైనా వార్డెనుతో కూర్చొని మష్వరా చేయాలి. సభల తేదీలు ఒకదానికొకటి అడ్డు రాకుండా, పరీక్షల వేళ హాస్టల్లో సద్దు లేకుండా, ప్రతి కొత్త విద్యార్థికీ ఒక సీనియరు తోడుండేలా నిర్ణయించుకోవాలి. విద్యార్థి ఎన్నికల్లో అభ్యర్థి వ్యయాన్ని 5,000 రూపాయలకు పరిమితం చేసిన లింగ్డో కమిటీ ఉద్దేశమూ, నాయకత్వం ధనబలంతో రాకూడదన్నదే.

బిడ్డను హాస్టల్లో ఉంచవచ్చునా అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. భయంతో ఆడపిల్లల చదువు మాన్పించడం పరిష్కారం కాదంటాము. చేర్చిన రోజే వార్డెను పేరు, ర్యాగింగ్ నిరోధక కమిటీ సభ్యుల పేర్లు వ్రాసుకోండి. జాతీయ సహాయ కేంద్రం నంబరు 1800-180-5522ను బిడ్డ ఫోనులో ఉంచండి. ఫోను చేసినప్పుడు మార్కులకన్నా ముందు మనసు ఎలా ఉందో అడగండి.