‘పురుగు’ అన్న ఒక్క పేరు వెనుక: పట్టు సీమ మల్బరీ తోటల్లో అకశేరుకాల దేహనిర్మాణం

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలను ఒకే నూలు కలుపుతుంది. హిందూపురం, పెనుకొండ పరిసర గ్రామాల ఎర్రనేలల్లో మల్బరీ పెరుగుతుంది. హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్ళు చేరతాయి. ధర్మవరం మగ్గాల మీద పట్టు చీర రూపు దిద్దుకుంటుంది. హిందూపురం చెంతనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. ఈ ఆర్థిక వ్యవస్థ అంతటికీ ఆధారం ఒక కీటకపు డింభకం. దానితో పాటు అదే తోటలో, అదే షెడ్డులో మరికొన్ని అకశేరుకాలు జీవిస్తున్నాయి. జంతుశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో వేర్వేరు అధ్యాయాలుగా కనిపించే దేహనిర్మాణాలన్నీ ఇక్కడ ఒక ఎకరంలో ఎదురవుతాయి.

పేర్లతోనే చిక్కు మొదలవుతుంది. పట్టుపురుగు, నులిపురుగు, అక్షింతల పురుగు అని వాడుకలో అన్నీ పురుగులే. వానపాము మాత్రం పాముల జాబితాలో చేరింది. ‘నల్లి’ అనే మాట ఆరుకాళ్ళ పిండినల్లికీ, ఎనిమిది కాళ్ళ ఎర్రనల్లికీ సమానంగా చెల్లుతోంది. వాడుక భాషకు ఇందులో దోషం లేదు. అయితే రైతు “నల్లి పట్టింది” అన్నప్పుడు కాళ్ళు లెక్కపెట్టకుండా మందు చెప్పే విస్తరణ కార్యకర్త వల్ల పంట నష్టపోయే ప్రమాదం ఉంది. ఎర్రనల్లి సాలీడు కుటుంబానికి దగ్గరిది, కీటకం కాదు. కీటకనాశినులు చాలావరకు దానిపై పనిచేయవు సరికదా, దానిని తినే మిత్రజీవులను హరిస్తాయి.

పట్టుపురుగు దేహం ఆర్థ్రోపొడా వర్గపు లక్షణాలను విశదంగా చూపుతుంది. తల వెనుక మూడు వక్షఖండితాలు, వాటికి మూడు జతల నిజమైన కాళ్ళు ఉంటాయి. ఉదరంపై నాలుగు జతల మిథ్యాపాదాలు, చివర ఒక జత ఉంటాయి. ఎనిమిదవ ఉదరఖండితంపై చిన్న కొమ్ము నిలుస్తుంది. ఇరువైపులా తొమ్మిది జతల శ్వాసరంధ్రాలు వాయునాళాలలోకి తెరుచుకుంటాయి. రక్తం నాళాల్లో బందీ కాక, అవయవాలను తడుపుతూ దేహకుహరమంతా ప్రవహిస్తుంది.

బయటి అవభాసిని సాగదు గనుక పెరుగుదలకు నిర్మోచనం తప్పదు. రైతులు ‘జ్వరం’ అని పిలిచేది దీనినే. పురుగు మేత మాని, తల పైకెత్తి, కదలక ఉండటం చూస్తే ఆ పేరు ఎంత సహజమో తెలుస్తుంది. నాలుగు జ్వరాలు, అయిదు దశలు ముగిసేసరికి, సుమారు 25 రోజుల్లో, పురుగు బరువు దాదాపు 10,000 రెట్లు పెరుగుతుంది. అప్పటికి దేహం బరువులో ఇంచుమించు 40 శాతం పట్టుగ్రంథులదే. నిజానికి ఇవి రూపాంతరం చెందిన లాలాజల గ్రంథులు. వీటిలోని కణాల సంఖ్య గుడ్డులో పిండదశలోనే ఖరారవుతుంది. ఆ తరువాత కణవిభజన జరగదు, ఉన్న కణాలే తమ డి.ఎన్.ఏ.ను పదేపదే రెట్టింపు చేసుకుంటూ బృహత్తరమవుతాయి. పొదిగే దశలో గుడ్లకు వేడి తగిలితే ఆ లోటును అయిదవ దశలో ఎంత మేత వేసినా పూరించడం కష్టమని చెప్పే సలహాకు ఇంతకంటే బలమైన జీవశాస్త్ర కారణం అక్కరలేదు.

జ్వరమా, గూడా అన్నది రెండు హార్మోన్లు నిర్ణయిస్తాయి. ఎక్డైసోన్ చర్మం విడవమంటుంది. జువినైల్ హార్మోన్ డింభకంగానే ఉండమంటుంది. రెండూ ఉంటే జ్వరం, రెండవది తొలగిపోతే గూడు. 1954లో బుటెనాంట్, కార్ల్‌సన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు ఎక్డైసోన్‌ను స్ఫటికరూపంలో తొలిసారి వేరుచేసింది పట్టుపురుగు ప్యూపాల నుంచే. సుమారు 500 కిలోల ప్యూపాల నుంచి వారికి దక్కింది 25 మిల్లీగ్రాములు! పురుగులన్నీ ఒకేసారి పండేందుకు నేడు ఆకుపై చల్లే ‘సంపూర్ణ’ ఇదే సూత్రంపై పనిచేస్తుంది.

ఇదే సూత్రం తిరగబడే సందర్భమూ ఉంది. పొరుగు చేలల్లో తెల్లదోమకు వాడే పైరిప్రాక్సిఫెన్ జువినైల్ హార్మోన్‌ను అనుకరిస్తుంది. దాని తుంపర గాలికి కొట్టుకువచ్చి మల్బరీ ఆకుపై పడితే, ఆ ఆకు తిన్న పురుగు ఎన్నాళ్ళు గడిచినా గూడు కట్టదు. నొవాల్యూరాన్ వంటి కైటిన్ నిరోధకాలైతే కొత్త చర్మం ఏర్పడనీయక జ్వరంలోనే చంపుతాయి. మేత బాగా తిని, రోగలక్షణమేదీ లేకుండా, చంద్రికపై తిరుగుతూ పట్టు తీయని పురుగులు కనిపించినప్పుడు తోట గట్టు అవతల ఏ పంట ఉన్నదీ, ఏమి పిచికారీ చేసినదీ అడగటం రోగనిర్ధారణలో భాగం కావాలి.

ఊజీ ఈగ కూడా కీటకమే, సంపూర్ణ రూపవిక్రియ చెందేదే. అయినా దాని డింభకానికి కాళ్ళు లేవు, స్పష్టమైన తల లేదు. 1980లో పశ్చిమబెంగాల్ నుంచి విత్తనపు గూళ్ళతో కర్ణాటకకు చేరిన ఈ ఈగ, ఆ రాష్ట్రాన్ని ఆనుకొని ఉన్న ఈ సీమకూ పట్టుకుంది. ఆడ ఈగ పట్టుపురుగు చర్మంపై గుడ్డు పెడుతుంది. పొదిగిన మాగట్ చర్మాన్ని తొలిచి లోనికి పోతుంది. పురుగు రక్తంలో మునిగి ఉన్న ఈ జీవికి గాలి ఎలా అందుతుంది? దాని శ్వాసరంధ్రాలు తోకకొనలో ఉంటాయి. ఆ కొనను ప్రవేశరంధ్రం వద్ద ఉంచి, తల లోపలికి పెట్టి మేస్తుంది. పట్టుపురుగు రక్షణగా నిర్మించే నల్లని గోడే దానికి ఊపిరి గొట్టమవుతుంది. రైతు చూసే నల్లమచ్చ అదే. మచ్చ కనబడేనాటికి మాగట్ లోపల భద్రంగా ఉంటుంది కాబట్టి అప్పుడు చేసే చికిత్స వృథా. ఈగ బయటపడి ఉండేది చర్మంపై గుడ్డుగా, నేలలో ప్యూపాగా, ఎగిరే ఈగగా మాత్రమే. గుడ్డుపై ఊజీసైడ్, ఈగకు నైలాన్ వల, ప్యూపాపై నెసోలింక్స్ థైమస్ అనే చిన్న పరాన్నజీవి కందిరీగ ఈ మూడింటికీ సరిపోతాయి.

కొమ్మ చివర ఆకులు ముడుచుకొనే తుక్రా తెగులుకు కారణం పిండినల్లి. ఆడది రెక్కలు రాకుండానే, పిల్లదశ ఆకారంలోనే ప్రౌఢమవుతుంది. మగది మాత్రం ప్యూపా వంటి దశ దాటి ఒక జత రెక్కలతో ఎగురుతుంది. ఒకే జాతిలో రెండు అభివృద్ధి మార్గాలు! వీటిని అదుపు చేసేందుకు విడిచే క్రిప్టోలీమస్ అక్షింతల పురుగు పిల్లదశలో తెల్లని మైనపు పోగులతో పిండినల్లినే పోలి ఉంటుంది. వేగంగా నడిచేది, నమిలే దవడలు గలది మిత్రపురుగు. కదలక రసం పీల్చేది శత్రువు. ఈ తేడా చూపకుండా పురుగులు విడిస్తే, రైతు తన చేతులతోనే వాటిని నలిపివేయవచ్చు.

నేలలో పోలిక మరింత మోసం చేస్తుంది. వేరుముడి నులిపురుగు, వానపాము రెండూ కాళ్ళులేని పొడవాటి దేహాలే. కాని నులిపురుగుకు ఖండితాలు లేవు, రక్తప్రసరణ వ్యవస్థ లేదు, శ్వాసావయవాలు లేవు. దేహభిత్తిలో నిలువు కండరాలే ఉండటంతో అది మెలికలు తిరుగుతూ కదులుతుంది. మొదటి నిర్మోచనం గుడ్డులోనే జరుపుకొని, రెండవ దశలో వేరులో చొరబడి స్థిరపడుతుంది. ఆడది కండరాలు క్షీణించి, తెల్లని బేరిపండు ఆకారానికి మారి, జిగురు సంచిలో వందల గుడ్లు పెడుతుంది. ముడులు పడిన వేరు నీరు అందించలేదు. పట్టుపురుగు నీరు త్రాగదు, తేమంతా ఆకు నుంచే తీసుకుంటుంది. వేరులోని తెగులు షెడ్డులో గూటి బరువుగా లెక్క తేలుతుంది.

వానపాముది వేరే కథ. నిజమైన శరీరకుహరం, మూసిన రక్తనాళాలు, నిలువు, వలయ కండరాలు రెండూ దానికి ఉన్నాయి. ఉభయలింగి అయిన వానపాము డింభకదశ లేకుండా నేరుగా పిల్లలను పొదుగుతుంది. దాని గుడ్లసంచినీ కోకూన్ అనే అంటారు, కాని అది క్లైటెల్లం స్రవించినది. తేమ చర్మంతో శ్వాసించే జీవి గనుక నులిపురుగుకై నేలలో వేసే రసాయనం దీనికీ సోకుతుంది. వేపపిండి వైపు మొగ్గడానికి ఇది మంచి కారణం.

ఖండితాలను బట్టి వానపామునూ కీటకాలనూ దగ్గరి బంధువులుగా ఎన్నో ఏళ్ళు బోధించారు. 1997లో డి.ఎన్.ఏ. ఆధారాలతో ప్రతిపాదించిన ఎక్డైసోజోవా భావన ఆ బంధుత్వాన్ని మార్చివేసింది. చర్మం విడిచే నులిపురుగు, చర్మం విడిచే పట్టుపురుగు ఒక శాఖకు, వానపాము నత్తలతో కలిసి మరో శాఖకు చేరాయి. ‘పురుగు’ అన్న తెలుగు మాట అనుకోకుండా సరైన పక్షమే వహించింది.

ప్రస్తుతం మార్కెట్టుకు, అక్కడి నుంచి రీలింగు కేంద్రాలకు గూళ్ళతో పాటు ఊజీ మాగట్లూ ప్రయాణిస్తున్నాయి. గూటిని తొలుచుకొని నేలకు రాలిన మాగట్ ఒక్క రోజులోపే పగుళ్ళలో చేరి ప్యూపాగా మారుతుంది. ఆలోగా ఊడ్చి సబ్బునీటిలో వేయడం షెడ్డులో ఎంత అవసరమో, గూళ్ళు కుప్పపోసే ప్రతి అరుగు మీదా అంతే అవసరం.